అది అగ్నిపర్వతం వేడి కాదండీ, పాత వాన నీరు

సంపాదకులు గారికి,

నమస్కారం. మొన్న ఆదివారం మీ అనుబంధంలో అమెరికాలోని హాట్ స్ప్రింగ్స్ నేషనల్ పార్కు మీద ఒక పేజీ వేశారు. మా వీధి కిరాణా కొట్టు కుర్రాడు "మావా, నువ్వెల్లొచ్చిన ఊరు కాదేటిది?" అని పేపరు నా చేతిలో పెట్టాడు. ఫొటోలు బాగున్నాయి. రాసినాయన అక్కడి మేడల గురించి, పాలరాయి తొట్ల గురించి, ఆ రోజుల్లో అక్కడికి షికారుకొచ్చిన అల్ కపోన్ అనే దొంగల నాయకుడి గురించి ఊరించి రాశారు. కానీ "భూగర్భంలోని అగ్నిపర్వతం వల్ల ఈ నీళ్లు కుతకుతలాడుతుంటాయి" అన్న చోట నేను ఆగిపోయాను. ఆ పక్క కాలమ్‌లోనే "సర్వరోగాలకూ మందు" అని ఇంకోటి ఉంది. రెండూ తప్పే. మొదటిది సర్దుకుపోవచ్చు. రెండోదాన్ని మాత్రం, ఇంటింటా కిడ్నీ జబ్బున్న మా శ్రీకాకుళం ఉద్దానంలో ఉన్నవాడిగా నేను ఊరుకోలేను. అందుకే ఈ ఉత్తరం. కాస్త పొడుగైంది, మీకు నచ్చినంత వేసుకోండి.

నేనేమీ చదువుకున్న శాస్త్రవేత్తను కాను. ఐ.టి.ఐ.లో ఫిట్టరు చేసి, ముప్పై ఒక్క ఏళ్లు కవిటి, కంచిలి, సోంపేట మండలాల్లో బోరింగులు బాగుచేశాను. మొదట సైకిలు, తర్వాత మోపెడ్. వెనకాల గొలుసు, పైపు రెంచీలు, డబ్బాలో తోలు వాషర్లు. ఇండియా మార్క్-2 బోరింగు పిడి కొట్టిన చప్పుడు వింటే లోపల వాషరు అరిగిందో రాడ్డు విరిగిందో చెప్పేవాణ్ణి. మా అమ్మాయి, అల్లుడు ఆర్కన్సాస్ రాష్ట్రంలోని బెంటన్‌విల్‌లో ఉంటారు. వాల్‌మార్ట్ హెడ్డాఫీసు ఉన్న ఊరు, అడుగడుక్కీ తెలుగువాళ్లే. గత అక్టోబరులో నేనూ మా ఆవిడా వెళ్లాం. అందరూ తల్లిదండ్రులకి నయాగరా చూపిస్తారు కదా, మా పిల్ల "నాన్నకి కింద పడే నీళ్లెందుకు, పైకొచ్చే నీళ్లు చూపిద్దాం" అని కారులో మూడు గంటల పైన దక్షిణానికి తీసుకెళ్లింది.

నేషనల్ పార్కంటే గేటు, టిక్కెట్టు, లోపల జింకలు ఉంటాయనుకున్నాను. ఇక్కడ గేటూ లేదు, టిక్కెట్టూ లేదు. ఊరి మధ్యలో సెంట్రల్ ఎవెన్యూ అనే రోడ్డు. ఒక పక్క హోటళ్లు, దుకాణాలు, అది ఊరు. రెండో పక్క వరసగా ఎనిమిది పాతకాలపు స్నానశాలలు, వాటి వెనక కొండ, అది పార్కు. కొండలు మన మహేంద్రగిరి ముందు గుట్టలే. కానీ చెట్టు నిండుగా ఉంది, అక్టోబరు కాబట్టి ఆకులు పసుపూ ఎరుపూ తిరుగుతున్నాయి. మా ఆవిడ దిగగానే "ఊటలేవీ?" అంది. నాకూ కనపడలేదు. కొండ పాదం వెంట ఇటుకలు పరిచిన నడక దారి ఉంది. ఆ దారి పక్కన గడ్డిలో ఆకుపచ్చ రంగు వేసిన ఇనుప పెట్టెలు, తాళాలు వేసి ఉన్నాయి. జనరేటరు పెట్టెలేమో అనుకున్నాను. తీరా అడిగితే ఆ పెట్టెల కిందే ఊటలట! మొత్తం 47. రెండు మూడు చోట్ల తప్ప అన్నిటికీ మూతలే. మూత లేకపోతే ఆకులు, మురికి, వాననీరు కలిసిపోతాయి. మూతేసి, నీళ్లు గొట్టాల్లో ఒక చోటికి చేర్చి, అక్కడి నుంచి స్నానశాలలకీ కుళాయిలకీ పంపుతారు. ఇంత పెద్ద పేరున్న పార్కులో చూడాల్సిన అసలు వస్తువుకి తాళం! నాకు భలే నచ్చింది. నూతికి గట్టు కట్టి మూత పెట్టండ్రా అని ఊరూరా మొత్తుకున్నవాణ్ణి మరి.

తెరిచి ఉన్నది ఒకటి కొండ చరియ మీంచి జారి చిన్న మడుగులో పడుతుంది. పొగలు కక్కుతోంది. నీళ్లలో పచ్చగా, నీలంగా నాచు. అంత వేడిలో నాచెలా బతుకుతుందో! చేయి పెట్టబోతే అమ్మాయి మణికట్టు పట్టుకుంది. 62 డిగ్రీల సెల్సియస్, చర్మం ఊడి వస్తుందంది. వాసన చూశాను. ఏమీ లేదు. అక్కడే నాకు మొదటి అనుమానం వచ్చింది. ఎందుకంటే వేడి ఊట అంటే నాకు తెలిసింది తప్తపాణి. బరంపురం దాటి దిగపహండి మీదుగా వెళ్తే కొండల్లో ఉంటుంది, మా వాళ్లంతా కీళ్ల నొప్పులకి అక్కడికే వెళ్తారు. మా నాన్నని 1984లో తీసుకెళ్లాను. గుడి దగ్గరకి వెళ్లకముందే గంధకం వాసన ముక్కుకి కొట్టింది. హాట్ స్ప్రింగ్స్ నీళ్లకి ఆ వాసన లేనే లేదు, రుచి కూడా కాచి వడపోసిన నీళ్ల రుచే.

ఇక వేడి సంగతి. మాకు ధనుర్మాసంలో తెల్లవారుజామున నుయ్యి తోడితే బిందెలోంచి ఆవిరి లేస్తుంది. గంగమ్మ తల్లి పిల్లల కోసం నీళ్లు కాసి ఉంచింది అనేది మా నాయనమ్మ. నిజానికి నూతి నీళ్లు ఎప్పటిలాగే ఉన్నాయి, పైన గాలే చల్లబడింది. నేలలో ముప్పై నలభై అడుగులు దిగితే ఎండా చలీ రెండూ అందవు. ఇంకా దిగితే మాత్రం నెమ్మదిగా వేడి పెరుగుతుంది. చాలాచోట్ల కిలోమీటరుకి పాతిక ముప్పై డిగ్రీలని లెక్క. మన బోర్లు రెండొందలు, మూడొందల అడుగులు, కాబట్టి మనకి తేడా తెలియదు. హాట్ స్ప్రింగ్స్‌లో ఆ చుట్టుపక్కల కొండల మీద పడిన వాన, పగుళ్లున్న రాతి పొరల్లోంచి ఇంకుతూ ఇంకుతూ దాదాపు రెండు కిలోమీటర్ల లోతుకి పోతుంది. అక్కడ భూమి మామూలు వేడికే కాగుతుంది. అక్కడొక చోట రాతి పొరలు విరిగి, నిలువునా సందు పడి ఉంది. ఆ సందు దొరకగానే చల్లారే తీరిక లేకుండా పైకి తన్నుకొస్తుంది. దిగడానికి వేల ఏళ్లు, ఎక్కడానికి కొద్ది కాలం. అంతే. అగ్నిపర్వతం లేదు, లావా లేదు. మీ రచయిత ఎల్లోస్టోన్ పార్కుతో కలిపేసి ఉంటారు. అక్కడ మాత్రం కింద అగ్నిపర్వతం ఉన్న మాట నిజం.

కార్బన్ పరీక్ష చేసి ఆ నీటి వయసు కట్టారు. సుమారు 4,400 ఏళ్లు. నేను ఆ బోర్డు ముందు చాలాసేపు నిలబడిపోయాను. వంశధార ఒడ్డున శాలిహుండం కొండ మీద స్తూపం కట్టడానికి రెండు వేల ఏళ్లకు పైగా ముందు పడిన వాన, ఆ వేళ నా కాళ్ల ముందు పొగలు కక్కుతోంది! రోజుకి సగటున ఏడు లక్షల గ్యాలన్లు వస్తాయని రాసి ఉంది. అమెరికా గ్యాలను మూడు లీటర్ల ముప్పావు, అంటే 26 లక్షల లీటర్లు. మా శాఖ లెక్క ప్రకారం మనిషికి రోజుకి 55 లీటర్లు చొప్పున 47 వేల మందికి సరిపోతాయి. మోటారు లేదు, కరెంటు బిల్లు లేదు, వాషరు మార్చే పని లేదు. మా అల్లుడితో అదే అంటే "మామయ్యా, ఇక్కడ కూడా డ్యూటీయేనా" అని నవ్వాడు.

ఆ వాన ఇంకే రాయి గురించి మీ వ్యాసంలో ఒక్క ముక్క లేదు. నోవాక్యులైట్ అంటారు. తెల్లగా, గట్టిగా, నున్నగా ఉంటుంది. అక్కడి ఆదిమ జాతులవాళ్లు వేల ఏళ్ల కిందటే ఆ రాయి తవ్వి బాణం మొనలు, పనిముట్లు చేసుకున్నారు. ఇప్పుడు దాన్నే సానరాయిగా అమ్ముతారు, ఆర్కన్సాస్ రాయి అంటే కత్తులు నూరేవాళ్లకి పెద్ద పేరు. నేనొకటి కొన్నాను. మా ఆవిడ కత్తిపీట దాని మీద నాలుగు సార్లు రాస్తే వంకాయ తొడిమ దూదిలా తెగుతోంది. అదే రాయి కొండలో పగుళ్లతో పరుచుకుని వాననీరు మింగుతుంది. ఇంకోటి చెర్ట్ అనే రాయి, అదీ అంతే.

మీరు "1921లో ఏర్పడిన పార్కు" అని రాశారు. ఆ ఏడు మార్చి 4న నేషనల్ పార్కు అన్న పేరు పెట్టారు, అది నిజమే. నేల పక్కన పెట్టింది మాత్రం 1832 ఏప్రిల్ 20న. ఆండ్రూ జాక్సన్ అధ్యక్షుడిగా ఉండగా, ఊటల చుట్టూ నాలుగు చదరపు మైళ్లు ఎవరికీ అమ్మకూడదు, ప్రభుత్వం చేతిలోనే ఉండాలని చట్టం చేశారు. అప్పటికి ఆర్కన్సాస్ రాష్ట్రమే కాలేదు. ఎల్లోస్టోన్ పార్కు వచ్చింది ఇంకో నలభై ఏళ్లకి, 1872లో. ఆ పెద్దరికాన్ని బట్టే 2010లో అమెరికా వాళ్లు పార్కుల బొమ్మలతో పావు డాలరు నాణేలు వేస్తే, వరసలో మొదటి నాణెం హాట్ స్ప్రింగ్స్‌ది. అమ్మాయి ఒకటి వెతికి ఇచ్చింది. దాని మీద పార్కు ఆఫీసు భవనం, ముందు ఫౌంటెన్ ఉన్నాయి.

దానికి ముందు కథ కూడా ఉంది. 1803లో ఆ ప్రాంతమంతా ఫ్రాన్స్ దగ్గర అమెరికా కొన్నాక, జెఫర్సన్ అధ్యక్షుడు విలియం డన్‌బార్, జార్జ్ హంటర్ అనే ఇద్దరిని చూసి రమ్మని పంపాడు. 1804 డిసెంబరులో వాళ్లు చేరేసరికే అక్కడ ఒక దుంగల గుడిసె, కొన్ని చెక్క పాకలు ఉన్నాయట, రోగాలతో వచ్చినవాళ్లు వేసుకున్నవి. అంతకు ముందు నుంచీ అక్కడి జాతులకి ఆ ఊటలు తెలుసు. క్వాపా జాతివాళ్లు 1818లో సంతకం పెట్టి ఆ నేలంతా వదిలేయాల్సి వచ్చింది. ఆ సంతకం ఎలా పెట్టించి ఉంటారో మన మన్యం సంగతులు తెలిసినవాళ్లకి నేను విడమరచి చెప్పక్కర్లేదు.

చట్టమైతే చేశారు గానీ హద్దు రాళ్లు వేయలేదు. ఇది చదివి నేను పగలబడి నవ్వాను. అచ్చం మన పోరంబోకు కథే! రికార్డులో ప్రభుత్వానిది, నేల మీద ఎవడి పాక వాడిది. ఊట మీదే చెక్క స్నానశాలలు కట్టి డబ్బు వసూలు చేశారు. మూడు నాలుగు కుటుంబాలవాళ్లు మాదంటే మాదని కోర్టుకెక్కారు. చివరికి 1876లో సుప్రీంకోర్టు మీదెవరిదీ కాదు, ప్రభుత్వానిదే అని తేల్చింది. నలభై నాలుగేళ్లు పట్టింది. తర్వాతి ఏడాది ఒక సూపరింటెండెంటుని వేసి, నేల కొలిపించి, పట్టాలు ఇవ్వాల్సిన చోట ఇచ్చి, ఊటలున్న కొండని మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. 1884లో ఊటల నీరు పారే గెడ్డ మీద రాతి కమాను కట్టి, పైన రోడ్డు వేసేశారు. ఇప్పటికీ సెంట్రల్ ఎవెన్యూ కింద ఆ గెడ్డ పారుతోంది. అది మాత్రం నాకు మింగుడు పడలేదు. గెడ్డని పూడ్చినా కప్పినా అది తన దారి మర్చిపోదు. 1990 మేలో పెద్ద వాన కురిస్తే ఆ రోడ్డే ఏరై దుకాణాల్లోకి పోయిందట.

మేడల సంగతి మీరు రాసిందే చాలు, రెండు మాటలతో సరిపెడతాను. ఇప్పుడున్న ఎనిమిదీ 1892కీ 1923కీ మధ్య కట్టినవి. అన్నిటికంటే ఆడంబరంగా ఉండే ఫోర్డైస్ స్నానశాల 1915ది, 1962లో మూతపడింది. 1989 నుంచి అదే మ్యూజియం. రంగు అద్దాల పైకప్పు, వ్యాయామశాల అన్నీ ఉన్నాయి. నేను ఎక్కువసేపు చూసింది మాత్రం ఒక తొట్టి. అందులో రోగిని నీళ్లలో పడుకోబెట్టి కరెంటు ఇచ్చేవారట! మా ఊరి లైన్‌మేన్‌కి ఆ ఫొటో చూపిస్తే రెండు చేతులూ జోడించాడు. సుపీరియర్ అనే ఇంకో స్నానశాలలో ఇప్పుడు ఆ ఊట నీళ్లతోనే బీరు కాస్తున్నారు. అల్లుడు అక్కడ నలభై నిమిషాలు 'చరిత్ర' పరిశీలించాడు.

బక్‌స్టాఫ్ అనేది 1912 నుంచి ఆగకుండా నడుస్తున్నదట. అక్కడ పాత పద్ధతిలో స్నానం చేయించారు నాకు. ఒక దుప్పటి లాంటిది చుట్టి, సహాయకుడు తొట్టి దగ్గరికి నడిపించాడు. వేడి తగ్గించిన నీళ్లలో కూర్చోబెట్టి, బొచ్చులాంటి తొడుగుతో వీపు రుద్దాడు. తర్వాత ఆవిరి పెట్టె, ఒంటికి వేడి తువ్వాళ్లు, ఆఖర్న నాలుగు వైపుల నుంచీ సూదుల్లా తగిలే నీళ్లు. పెళ్లి నాడు నలుగు పెట్టినప్పటి తర్వాత నాకింకొకరు ఒళ్లు రుద్దడం అదే మొదలు. సిగ్గుతో చచ్చాను. బయటికొచ్చాక నిజం చెప్పాలంటే ఒళ్లు దూదిపింజలా ఉంది. మా ఆవిడ ఆడవాళ్ల వైపు వెళ్లొచ్చి "బాగుంది గానీ కుంకుడుకాయ లేదు" అని తీర్పిచ్చింది.

అయితే మ్యూజియంలో ఇంకో గది ఉంది. ఆ స్నానశాలల్లో తొట్లు నింపి, వీపులు రుద్ది, తువ్వాళ్లు మోసినవాళ్లు ఎక్కువ మంది నల్లజాతివాళ్లు. వాళ్లు పొద్దంతా పనిచేసిన ఆ తొట్లలో వాళ్లకి మాత్రం స్నానం లేదు. వాళ్ల స్నానశాలలు వేరే చోట. ఈ సంగతి దశాబ్దాల తరబడి నడిచింది. ఆ గదిలో మా అమ్మాయి నా మొహం చూసి "ఏమైంది నాన్నా" అంది. ఏమీ లేదన్నాను. నా ఉద్యోగం మొదట్లో ఒక ఊళ్లో బోరింగు పేటలో దించాలా, ఊరి మధ్య దించాలా అని రెండు నెలలు తగువైంది. పేటలో దించితే మేం వెళ్లి ముట్టుకోం అన్నారు పెద్దలు, ఊళ్లో దించితే మమ్మల్ని ముట్టుకోనివ్వరన్నారు పేటవాళ్లు. గొలుసూ రెంచీ పట్టుకుని చెట్టు కింద కూర్చున్నాను. కింద నీళ్లు రెండు చోట్లా ఒకటే.

ఇప్పుడు మందు సంగతి. ఆ ఊళ్లో కీళ్లవాతం, పక్షవాతం, సుఖవ్యాధులు, అన్నిటికీ ఇదే మందని లక్షల మంది వచ్చారు. డబ్బున్నవాళ్లు పాలరాయి తొట్లలో, లేనివాళ్లు కొండ మీద బురద గుంటల్లో మునిగేవారు. ఆ పేదల కోసం 1878లో ప్రభుత్వం ఉచిత స్నానశాల పెట్టింది, తర్వాత దాన్లోనే వైద్యశాల కూడా నడిపింది. గమనించండి, సిఫిలిస్ రోగికి ఆ స్నానంతో పాటు పాదరసం పూసేవారు. పెన్సిలిన్ వచ్చాక ఏమైంది? వైద్యం ముందుకు పోయిన కొద్దీ స్నానశాలలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. ఫోర్డైస్ మూతపడింది అందుకే. వేడినీళ్లు కీళ్లకి హాయినిస్తాయి, ఒళ్లు తేలికవుతుంది, కాదనను, నేనే అనుభవించాను. రోగం కుదరడం వేరు. ఆ పార్కు బోర్డులు కూడా జనం అలా నమ్మేవారు అని చరిత్రగా చెబుతున్నాయి తప్ప, కుదురుతుందని ఎక్కడా చెప్పడం లేదు. మీ వ్యాసం చెప్పింది.

ఉద్దానంలో ఆ మాట ఎందుకు రాయకూడదో మీకు తెలుసు. కొబ్బరి, జీడి, పనస తోటల మధ్య పచ్చగా కనిపించే మా ఊళ్లలో ఎన్ని ఇళ్లలో కిడ్నీ జబ్బుందో లెక్క మీ పత్రికలోనే ఎన్నోసార్లు వేశారు. ఎంతమంది పరిశోధించినా కారణం ఇదీ అని ఇప్పటికీ కచ్చితంగా తేలలేదు. నీళ్ల మీదే అందరి అనుమానం. రిటైరయ్యే ముందు ఒక ఊళ్లో బోరింగు బాగుచేస్తుంటే ఒక ముసలమ్మ వచ్చి పక్కన కూలబడింది. "నువ్వు బాగుసేసిన నీల్లే తాగినాం బాబూ. మా ఇంట ఇద్దరు పోనారు" అంది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఆ రోజు వాషరు బిగించడానికి నాకు గంట పట్టింది. మా వాళ్లు ఆయుర్వేదం పొడి అంటే పరిగెత్తారు, ఆకు పసరు అంటే పరిగెత్తారు, ఫలానా ఊట నీళ్లంటే పరిగెత్తారు. డయాలసిస్ మానేసి వెళ్లినవాళ్లని కూడా నేనెరుగుదును. ఇప్పుడు హిరమండలం నుంచి వంశధార నీళ్లు గొట్టాల్లో వచ్చాయి, పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ ఆసుపత్రి తెరిచారు. ఇలాంటి చోట ఆదివారం పేపరులో "సర్వరోగాలకూ మందు" అని పెద్దక్షరాలు కనపడితే ఏమవుతుంది? మా బావ సోమవారం పొద్దున్నే గిన్నె పట్టుకుని వచ్చాడు. "బావా, నువ్వు తెచ్చిన అమెరికా నీల్లు కొంచెం ఇయ్యి, మోకాలికి రాస్తాను" అన్నాడు. ఇచ్చాను. మోకాలు ఎలా ఉండేదో అలాగే ఉంది.

ఆ నీళ్లు ఎలా తెచ్చానో చెప్పాలి, ఎందుకంటే మీ వ్యాసంలో లేని ఆకర్షణ నా దృష్టిలో అదే. రిజర్వ్ స్ట్రీట్ అనే వీధిలో పార్కు ఆఫీసు పక్కన కుళాయిలు పెట్టారు. ఊట నీళ్లు వస్తుంటాయి. ఎవరైనా పట్టుకోవచ్చు, ఎంతైనా పట్టుకోవచ్చు, పైసా లేదు. మేం వెళ్లేసరికి ఒకాయన జీపులోంచి పది పన్నెండు క్యాన్లు దించి వరసగా నింపుకుంటున్నాడు. వారానికోసారి వస్తానన్నాడు. ఒక ముసలావిడ రెండు గాజు సీసాలతో నిలబడింది, ఆయన తన క్యాను పక్కకి జరిపి ఆవిడకి దారిచ్చాడు. మన బోరింగు దగ్గర బిందెల వరస గుర్తొచ్చింది, తగవు ఒక్కటే తక్కువ. వేడి నీళ్లు వద్దంటే చల్లటి ఊట నీళ్లకి వేరే కుళాయిలు కూడా ఉన్నాయి. పార్కు వాళ్లే పరీక్ష చేయించి జనం తాగడానికి వదులుతారు. పాలరాయి మేడల్లో సగం మ్యూజియమూ, బీరుషాపూ, హోటలూ అయిపోయాయి. 1832లో ఆ చట్టం ఎందుకు చేశారో ఆ కుళాయి దగ్గర మాత్రం కళ్లకు కడుతుంది. నేను రెండు లీటరు సీసాలు పట్టి, మూతకి టేపు చుట్టి, పెట్టెలో పెట్టుకుని తెచ్చాను. మా ఇంట్లో తాగేది ఇరవై లీటర్ల టిన్ను. రెండు రోజులకొకటి కొంటాం. అందులో నీళ్లు ఎక్కడివో టిన్ను తెచ్చే కుర్రాడికి కూడా తెలియదు.

ఇంకొక్క మాట. ఆ పార్కు ఇప్పుడు సుమారు 5,500 ఎకరాలు. ఊటలు కొండ పాదంలో ఒక మూల కొద్దిచోట్లో ఉన్నాయి. మరి మిగతా కొండలన్నీ ఎందుకు పెట్టుకున్నట్టు? కాలిబాటలు 26 మైళ్లున్నాయి, జనం నడుస్తారు, అది ఒక ఉపయోగం. కానీ చెట్టూ రాయీ కదపకుండా ఉంచితే వాన ఇంకుతుంది, కొండ చెదరదు, అది అసలు ఉపయోగం. వాన ఇంకే చోటు కొంత పార్కు హద్దు అవతల కూడా ఉంది, అక్కడ వాళ్లకీ బెంగ ఉంది. అయినా చేతిలో ఉన్న కొండని ఎవరికీ ఇవ్వలేదు. ఊట నోటికి తాళం వేసి కొండని అమ్ముకుంటే ఏం లాభం?

మందస వైపు మహేంద్రగిరి పాదాల్లో ఒక ఊరుంది. అక్కడ బోరింగు వేయమని ఎవరూ ఎప్పుడూ అడగలేదు, ఎందుకంటే ఊరి పైన ఊట గెడ్డ ఏడాది పొడుగునా పారేది. 2018లో తిత్లీ తుఫాను వచ్చి మా ఊళ్లన్నీ రోజుల తరబడి కరెంటు లేక, మోటార్లు ఆడక అల్లాడుతుంటే ఆ ఊరివాళ్లు వెదురు దోనె పెట్టి హాయిగా నీళ్లు పట్టుకున్నారు. తర్వాత ఆ పక్క కొండని రాయి కోసం తవ్వడం మొదలైంది. మూడు నాలుగేళ్లకి గెడ్డ వేసవిలో ఆరుతోంది. తవ్వకం వల్లేనని నేను ప్రమాణం చేయలేను, వానలు కూడా అటూ ఇటూ అయ్యాయి. కానీ ఎవరైనా వచ్చి కొలిచారా, ఆ ఊట ఏ కొండ మీద వానతో బతుకుతోందో చూశారా అంటే, లేదు. విజయనగరం జిల్లాలో శృంగవరపుకోట దగ్గర పుణ్యగిరి ఉంది, శివరాత్రికి ఎంత జనమో మీకు తెలుసు. రాతిలోంచి వచ్చే ఆ ధార కింద తల పెట్టడానికి తోసుకుంటారు. శివరాత్రి ఫొటోలు మీరు ఏటా వేస్తారు. ధార పైన ఉన్న కొండ ఫొటో నేనెప్పుడూ చూడలేదు.

కాబట్టి నా విన్నపం రెండు ముక్కలు. ఆ "సర్వరోగాలకూ మందు" అన్నదానికి వచ్చే ఆదివారం సవరణ వేయండి, వీలైతే మొదటి పేజీలో, చిన్నదైనా ఫర్వాలేదు. అగ్నిపర్వతం సంగతి మీ ఇష్టం. రెండోది, ఆర్కన్సాస్ ఊటకి ఒక పేజీ ఇచ్చారు కదా, మా మందస గెడ్డకి అరపేజీ ఇవ్వండి. మీ విలేకరి వస్తానంటే పలాస బస్‌స్టాండు నుంచి నేను తీసుకెళ్తాను. పైదాకా రెండు గంటల నడక. చెప్పులతో రావద్దని చెప్పండి, జీడి తోటల్లో పాములుంటాయి. పొద్దున్న ఆరింటికి బయల్దేరితే ఎండ ముదరకముందే దిగిపోవచ్చు. తాగడానికి నీళ్లు తెచ్చుకోమనండి, ఒకప్పుడైతే ఆ మాట చెప్పేవాణ్ణి కాదు.

ఇట్లు,
ఒక పాత బోరింగు మెకానిక్,
కంచిలి మండలం, శ్రీకాకుళం జిల్లా